ఇస్సాకు చేసిన పడవ

మార్కాపురంలో ఇరవై ఆరేళ్ళు పలకలు చేసిన ఇస్సాకుకు రాయడం రాదు. ఆయన చేతి మీదుగా పోయిన పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు ఓనమాలు దిద్దారో చెప్పలేం గానీ, వాటిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తిరిగి ఆయన దగ్గరకు రాలేదు. దీనికి ఆ ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నల్లరాతి బిళ్లకు నాలుగు వైపులా కర్ర చట్రం తొడగడం, మూలలకు రేకు ముక్కలు కొట్టడం, పైపట్టీ మీద ఎర్ర సిరాతో ముద్ర గుద్దడం ఆయన పని. ముద్రలో తెరచాప ఎత్తిన పడవ బొమ్మ ఉంటుంది. పడవ మార్కు పలక అంటే ఆ చుట్టుపక్కల తెలియని బడి లేదు. యజమాని సుందరరామయ్య శెట్టి గారి తండ్రి కాలంలో సరుకు మద్రాసు రేవులో ఓడెక్కేదట. ఆ గొప్ప పది మందికీ గుర్తుండాలని పెద్దాయన పెట్టించిన మార్కు అది.

మార్కాపురానికీ పడవకూ ఏం చుట్టరికమో దేవుడికే తెలియాలి. కర్నూలు జిల్లాలో ఉన్నన్నాళ్ళు ఈ తాలూకాలో సముద్రం ఊసే లేదు. డెబ్భైలో తీసుకుపోయి ఒంగోలు వైపు కలిపాక, కాగితం మీద ఈ ఊరికీ ఒక సముద్రం వచ్చింది. కాగితం మీద వచ్చినవి ఇంకా చాలానే ఉన్నాయి, వాటి సంగతి వదిలేద్దాం. జిల్లా ఏర్పడి పదిహేడేళ్ళయినా ఇస్సాకు ఆ సముద్రాన్ని చూడలేదు.

కానీ గాలి మాత్రం ఆయనకు బాగా తెలుసు. రాతిని కోసేచోట లేచే పొడి గాలివాటాన పోతుంది. గాలికి వీపు పెట్టి కూర్చోకపోతే ఆ పొడంతా ముక్కులోకే. కొత్తగా చేరినవాళ్ళు దగ్గి దగ్గి నేర్చుకుంటారు. ఇస్సాకు నేర్చుకునేసరికి పోవలసింది కొంత లోపలికి పోనే పోయింది. గాలి ఎటు మళ్ళిందో చూడాలంటే చిటికెడు పలక పొడి తీసి వేళ్ళ మధ్య నుంచి జారవిడిచేవాడు. పొడి పోయిన దిక్కు చూసి పీట జరుపుకొనేవాడు.

అందుకే ముద్రలోని తప్పు ఆయన కంటికి ఆనింది. ఒకరోజు యార్డులో తిరుగుతున్న శెట్టి గారిని ఆపి చెప్పాడు.

"అయ్యా, మన ముద్రలో తప్పుంది."

"ఏంది తప్పు?"

"చాప ముందుకు ఉబ్బింది చూడండి. అంటే గాలి వెనక నుంచి తోలుతాంది. మరి పైన జెండా వెనక్కి ఎగురుతాంది. ఒకటే గాలి రెండు పక్కలకు ఎట్ల తోలుతాదయ్యా?"

సుందరరామయ్య గారు కళ్ళజోడు సర్దుకొని ముద్ర చూశారు, తర్వాత ఇస్సాకును చూశారు. "పిల్లకాయలు అఆలు రాసుకునే పలకరా ఇది. దాని మీద గాలి ఎటు తోలితే నీకేంది? అయినా నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడన్నా పడవ చూసినావా?"

యార్డులో ఉన్న ముప్పై మందీ నవ్వారు. యజమాని నవ్వితే నవ్వాలి కదా. ఇస్సాకు కూడా నవ్వాడు. సాయంత్రం ఇంటికి పోయాక మాత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఉండిపోయాడు.

"ఏమయ్యా, పుల్లగా ఉందా పప్పు?" అంది జ్ఞానమ్మ.

"పడవ చేస్తానే."

"ఏందీ?"

"పడవ. గాలికి పోయేది. శెట్టి గారి కళ్ళ ముందర నీళ్ళలో తోలుతా. జెండా ఎటు ఎగురుతాదో ఆయనే చూస్తాడు. చూసి, ఇస్సాకు చేసినాడు అని ఆయన నోటితో ఆయనే అనాల."

జ్ఞానమ్మ మిషను బళ్ళో ఐదు దాకా చదివిన మనిషి. మొగుడి వంక చూసి, "ఈయప్పకు రాతిపొడి నెత్తికెక్కినట్టుంది," అనుకుని గిన్నె ముందుకు జరిపింది.

ఆ కోరిక చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఏదీ చేయరు. శెట్టి గారు చేయిస్తారు. షెడ్డు కట్టించారు, బోరు వేయించారు, నెలకు ఇన్ని వేల పలకలు చేయించారు. మన భాషలో ఆ ఒక్క 'ఇంచు' చాలు, చెమటోడ్చిన నలుగురూ మాయమైపోతారు. కంభం చెరువునే తీసుకోండి. ఎవరో రాణి కట్టించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రెండు కొండల మధ్య కట్ట మీదికి తట్ట మోసినవాడి పేరు ఒక్కటైనా చెప్పమనండి చూద్దాం. ఇరవై ఆరేళ్ళలో ఇస్సాకు చేసినాడు అన్న మాట ఆ ప్రహరీ లోపల ఎవరూ అనలేదు. అది వినాలని ఆయనకు పట్టుకుంది.

రెండేళ్ళు పట్టింది. చట్రాలు కోయగా మిగిలిన కర్రముక్కలు అడిగి తెచ్చుకుని, ఒకదానికొకటి అతికి, గాజుపెంకుతో గీకి, రెండు మూరల పొడవున పడవ ఒడలు తయారు చేశాడు. వాటిలో ముద్ర సగమే పడి వదిలేసిన పట్టీ ఒకటి ఉంది. అది పడవ పైభాగానికి సరిగ్గా సరిపోయింది. ముద్రను గీకేద్దామనుకుని, అందంగానే ఉందిలే అని వదిలేశాడు. పడవ గాలికి పక్కకు ఒరిగిపోకుండా అడుగున బరువుండాలి కదా, అందుకు కత్తిలాగా సన్నగా చెక్కిన పలక రాయిని నిలువుగా దించాడు. తెరచాప జ్ఞానమ్మ తన పాత గొడుగు గుడ్డతో కుట్టింది. తిట్టుకుంటూనే కుట్టింది, కుట్టు మాత్రం వంకర పోనివ్వలేదు.

మిగిలిన పని జ్ఞానమ్మ తమ్ముడు నిత్యానందంది. స్టేషను రోడ్డులో రేడియోలు బాగుచేసే దుకాణం వాడిది. శెట్టి గారింట్లో మద్రాసు నుంచి తెచ్చిన ఆట కారు ఒకటి చెడిపోయి చెత్తలో పడి ఉంటే ఇస్సాకు అడిగి తెచ్చుకున్నాడు. దూరం నుంచి మీటలు నొక్కితే వైరు లేకుండా నడిచే కారు. నిత్యానందం దాని పొట్ట చీల్చి చూశాడు.

"బావా, ముందు చక్రాలు తిప్పే మోటారు నీ చుక్కానికి పెడదాం. నడిపించే మోటారుకు దారం చుడదాం. దారం లాగితే చాప బిగుస్తాది, వదిల్తే తెరుచుకుంటాది. ఒక్కటే మాట, నలభై గజాలు దాటితే ఇది నీ మాట ఇనదు. రేడియో అందదు."

"అందకపోతే?"

"గాలి మాట ఇంటాది."

ఊరి బయట వాడకం మానేసిన రాతిగుంత ఒకటి వానలకు నిండి ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ అక్కడికి పోయేవాళ్ళు. మొదటిసారి దించగానే పడవ పక్కకు పడుకుంది. రెండోసారి గిరగిరా తిరిగింది. ఇస్సాకు జేబులోంచి పలక పొడి తీసి జారవిడిచి, గాలి చూసుకుని, రాయి ఇంకాస్త కిందికి దించి, చాప ఇంకాస్త వెనక్కి జరిపి, మళ్ళీ మళ్ళీ దించాడు. గట్టు మీద నుంచి సన్నని నైలాను దారం ఒకటి పడవకు కట్టి ఉంచేవాడు, చెయ్యి దాటిపోతే లాక్కోవడానికి. ఎన్నో ఆదివారానికో చాప నిండింది. పడవ నీళ్ళు కోసుకుంటూ పోయింది. మీట నొక్కితే మళ్ళింది. రేకుతో చేసి సూది మీద నిలబెట్టిన చిన్న జెండా, చాప ఉబ్బిన వైపుకే తిరిగి నిలబడింది. ఇస్సాకు కేక పెట్టబోతే దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వాడు. జ్ఞానమ్మకు ఆయన అట్లా నవ్వడం పెళ్ళి ఫోటోలో తప్ప గుర్తులేదు.

సుందరరామయ్య గారు జీపులో వచ్చి చూశారు. మొదట వినోదం చూద్దామనే వచ్చారు. పడవ గుంత చుట్టూ తిరిగి గాలికి ఎదురు మళ్ళి వచ్చేసరికి ఆయన ముఖం మారింది.

"ఈ కర్ర ఎక్కడిదిరా?"

"మన యార్డుదేనయ్యా. కోయంగా మిగిలింది."

"రాయి?"

"మనదే."

"ఈ మీటలు మా ఇంటి కారువే గదా?"

"అవునయ్యా."

"ఊఁ," అన్నారు శెట్టి గారు. ఆ 'ఊఁ' ఏమిటో అప్పుడు ఇస్సాకుకు అర్థం కాలేదు. జెండా గురించి చెబుదామని నోరు తెరిచేలోపే ఆయనకు వేరే ఆలోచన వచ్చేసింది. ఆ ఏడు కంభం చెరువు అలుగు పారుతోంది. చూడడానికి ఒంగోలు నుంచి పెద్ద అధికారి ఒకరు వస్తున్నారు, మద్రాసు నుంచి పలకల వ్యాపారులూ దిగుతున్నారు. "ఎల్లుండి కంభంలో తోలుదాం దీన్ని. అందరి ముందర," అన్నారు.

అందరి ముందర! ఇస్సాకు ఆ మాటకే పొంగిపోయాడు. ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడే పెయింటరు వచ్చి నల్ల చాప మీద తెల్ల రంగుతో 'పడవ మార్కు' అని రాసిపోయాడు. జ్ఞానమ్మకు అది చూసి ఒళ్ళు మండింది.

"నీ పేరు ఏడుందయ్యా దీని మీద?"

"ఉండాలంటావా?"

"చేసింది నువ్వు గాదా?"

ఆమె పడవను బోర్లించి, అడుగున ఉన్న పలక రాయి మీద బలపంతో గుండ్రంగా 'ఇస్సాకు' అని రాసింది. ఆ గీత వెంబడి ఉలితో చెక్కుకొమ్మని చెప్పింది. చెక్కడానికి ఒక సాయంత్రం చాలు. కానీ ఆ సాయంత్రం శెట్టి గారింటికి వచ్చిన మద్రాసు వాళ్ళ పెట్టెలు మోయడానికి కబురొచ్చింది, పోయాడు. పొద్దున్నే జీపు వచ్చింది. రాయి మీద పేరు బలపంతోనే ఉండిపోయింది.

చెరువు నిండుగా ఉంది. రాతిగుంత చూసిన కళ్ళకు ఆ నీళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో అందలేదు. ఇస్సాకు జేబులోంచి చిటికెడు పొడి తీసి జారవిడిచాడు. గాలి గట్టు మీద నుంచి లోపలికి తోలుతోంది. అట్లాంటి గాలికి పడవ ఒడ్డుకు తనంతట తాను రాదు. పడవ పక్కన కూర్చుని దానికి దారం కడుతుంటే శెట్టి గారు చూశారు.

"ఏందిరా అది?"

"దారమయ్యా. నలభై గజాలు దాటితే రేడియో అందదు. గాలి లోపలికి తోలుతాంది."

"మేకను కట్టినట్టు దారం కట్టి తోలితే ఇంక రిమోట్ ఎందుకురా? ఫోటోలో అసయ్యంగా ఉంటాది. తీసెయ్."

"అయ్యా, పోతాదయ్యా."

"తీసెయ్ రా అంటే!"

ఇస్సాకు తీసేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. తర్వాత తీసేసిన ఆ చేతిని తిట్టుకోని రోజు లేదు.

మీటల పెట్టె కూడా శెట్టి గారే తీసుకున్నారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో పడవ పట్టుకుని నిలబడింది ఇస్సాకు. విలేకరి పుల్లారావు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఒంగోలు అధికారి గట్టు మీద నుంచి వంగి చూసి ముచ్చటపడ్డారు.

"సముద్రం మా వైపు ఉంటే పడవ మీ దగ్గర ఉందే! ఎవరు చేశారండీ ఇది?"

ఇస్సాకు నీళ్ళలో కదలకుండా నిలబడ్డాడు. రెండేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న అది. అచ్చం తను అనుకున్నట్టే, పది మందిలో, అంతటి మనిషి నోటి నుంచి వచ్చింది. సుందరరామయ్య గారు కండువా సర్దుకున్నారు.

"మేమే చేయించినామండీ. మన కర్ర, మన రాయి, మన మార్కు."

"భేష్," అన్నారు అధికారి.

అంతే. ఇస్సాకుకు కోపం వచ్చింది, కానీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు చేతుల్లోనూ పడవ ఉంది. "వదలరా!" అన్న కేక వినపడింది. వదిలాడు.

చాప ఒక్కసారిగా నిండింది. పడవ ఒరిగి, నిలదొక్కుకుని, నురగ చీల్చుకుంటూ పోయింది. రాతిగుంతలో ఎప్పుడూ అంత వేగం చూడలేదు. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. ఆ క్షణాన ఇస్సాకు అన్నీ మరిచిపోయాడు. జెండా ముందుకు ఎగురుతోంది. తను చెప్పింది నిజం.

"అయ్యా, ఇంక మళ్ళించండి! కుడి మీట! చాప వదలండి!"

"ఉండరా, ఫోటో తీస్తాన్నారు," అన్నారు శెట్టి గారు పెట్టెను గుండెల దగ్గర పట్టుకుని, కెమెరా వైపు తిరిగి.

"అయ్యా! దాటిపోతాంది!"

ఆయన ఇటు తిరిగి మీట నొక్కేసరికి పడవ వినడం మానేసింది. రెండు మీటలూ నొక్కారు. పెట్టెను ఊపారు. ఇస్సాకు నడుము లోతు దాకా పోయి, దగ్గు ఎగదన్ని ఆగిపోయాడు. తెల్ల అక్షరాలు చదవలేనంత దూరం పోయాయి. తర్వాత చాప నల్లటి చుక్కయి, ఎండ మెరుపులో కలిసిపోయింది.

"వెళ్ళిపోయిందే!" అని నవ్వారు అధికారి. మద్రాసు వాళ్ళూ నవ్వారు.

సుందరరామయ్య గారు మీటల పెట్టెను పక్కవాడి చేతిలో పడేశారు. "ఇస్సాకు చేసినాడండీ అది. మా చట్రాల మనిషి. చదువూ సంధ్యా లేనోడు, ఏదో చేసుకొచ్చినాడు. ఒరే ఇస్సాకూ, ఏం చేసినావురా ఇది?"

నీళ్ళలోంచి బయటికి వస్తున్న ఇస్సాకు ఆ మాట విన్నాడు. తన పేరు, తన పని, పక్కపక్కన. సరిగ్గా తను కోరుకున్న మాట, ఒక్క అక్షరం తేడా లేదు.

నాలుగో రోజు పేపర్లో వార్త వచ్చింది. జ్ఞానమ్మ చదివింది: "మార్కాపురం కార్మికుడు ఇస్సాకు చేసిన పడవ కంభం చెరువులో మునక." కింద ఫోటోలో శెట్టి గారు, అధికారి ఉన్నారు. అంచున నీళ్ళలో ఎవరివో రెండు మోకాళ్ళు ఉన్నాయి.

"నా పేరు ఏడుంది?" అన్నాడు ఇస్సాకు. ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన ఆ అక్షరాలను చాలాసేపు చూసి, "చిన్నగా ఉంది," అన్నాడు. జ్ఞానమ్మ పేపరు మడిచి పెట్టెలో దాచబోతే, వద్దు, పొయ్యిలో పెట్టమన్నాడు.

పడవ మునగలేదు. చెరువు ఆవలి ఒడ్డున తుంగలో చిక్కుకుని నిలబడి ఉంటే చేపలు పట్టే శాంతయ్యకు దొరికింది. ఎవరిదో ఏమిటోనని తిప్పి చూశాడు. అడుగున రాయి నున్నగా, నల్లగా, కడిగినట్టుంది. పైన ఎర్ర ముద్ర సగం ఉంది. తన బిడ్డల పలక మీదా అదే ముద్ర. సంచిలో పెట్టుకుని మార్కాపురం బస్సెక్కి, తిన్నగా ఫ్యాక్టరీకి తెచ్చి శెట్టి గారి బల్ల మీద పెట్టాడు. మంచి మనిషి. ఆయన తప్పేమీ లేదు.

శెట్టి గారు అతనికి డజను పలకలు ఇచ్చి పంపి, యార్డులో ఉన్నవాళ్ళందరినీ పిలిచారు. "చూసినారా? అంత చెరువు దాటినా ఒక్క అతుకు ఊడలేదు. మనం చేయించిన సరుకంటే అట్లుంటాది!"

ఇస్సాకు పడవను చేతిలోకి తీసుకుని బోర్లించాడు. పేరు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు పలకలు చేసినవాడు, నీళ్ళలో దిగే రాయి మీద బలపం రాతను నమ్ముకున్నాడు. బడికి పోయే ఏ పసిదాన్ని అడిగినా చెప్పేది, తడి తగిలితే పోతుందని. తన మీద తనకే రోత పుట్టింది. అయినా తల ఎత్తి, బతుకులో మొదటిసారి, యజమానికి ఎదురుమాట అన్నాడు.

"మొన్న కంభంలో నేను చేసినానని చెప్పినారు గదయ్యా."

సుందరరామయ్య గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "మునిగిందనుకున్నాం గదరా అప్పుడు!"

ఆ జవాబులో కల్లాకపటం లేదు. ఆయన దృష్టిలో అది సహజమైన మాట. ఇస్సాకు పడవను తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

పడవకు అద్దాల పెట్టె కావలసి వచ్చింది. చట్రాలు చేసేవాడు ఇస్సాకే కదా, ఆయన్నే చేయమన్నారు. చేశాడు. మూలలు ఎక్కడా వెంట్రుక దూరనంత బిగువుగా కుదిరాయి. లోపల పడవను నిలబెడుతుంటే శెట్టి గారు వచ్చి గోడ మీది ముద్ర బొమ్మనూ పడవనూ మార్చి మార్చి చూశారు.

"జెండా అటు ఉందేందిరా? మన మార్కులో ఉన్నట్టు వెనక్కి తిప్పి గమ్ము పెట్టు. మార్కు మార్కులాగా ఉండాల."

ఇస్సాకు ఆయన వంక చూశాడు. రెండేళ్ళ కింద ఇదే మనిషికి ఇదే జెండా గురించి చెప్పాడు. ఆయనకు అదేమీ గుర్తున్నట్టు లేదు. ఇస్సాకు జెండాను వెనక్కి తిప్పి, సూది చుట్టూ గమ్ము పెట్టి, ఆరే దాకా వేలితో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత మూడేళ్ళకు రొమ్ములో బలం పోయి, చట్రాలు బిగించలేక, ముద్ర గుద్దే పీట దగ్గర మాత్రమే కూర్చుంటున్నాడు ఇస్సాకు. ఒకరోజు మద్రాసు నుంచి కొత్త వ్యాపారి వచ్చాడు. రేవు పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆఫీసు గదిలో అద్దాల పెట్టె ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది. ఎవరిది పని?"

"మేమే చేయించినామండీ. కంభం చెరువు దాటిన పడవ."

"ఒడలు చూస్తే పనితనం కనబడుతోంది. కానీ జెండా తప్పు పెట్టారే! చాప ముందుకు ఉబ్బితే జెండా వెనక్కి ఎట్లా ఎగురుతుంది? గాలి సంగతి బొత్తిగా తెలియనివాడెవడో చేసినట్టుంది."

కిటికీ తెరిచే ఉంది. అవతల పీట మీద ఇస్సాకు చెయ్యి ముద్ర పట్టుకుని గాల్లో ఆగింది.

"అదా," అని నవ్వారు సుందరరామయ్య గారు. "అది మా ఇస్సాకు చేసినాడు లెండి."

ఇస్సాకు తల ఎత్తలేదు. చేతి కింద ఉన్న పలక మీద ముద్ర గుద్ది, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు.